నర్సింగ్ ఉడికించిన పట్టు

2022లో మొఘల్‌పురాలో, ఒక ఇంటి పై అంతస్తులో ఉన్న చిన్న ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసేవాణ్ని. పట్టు నుంచి నానోఫైబర్లు, అంటే వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులు తీసి, కాలిన గాయాలపై కప్పే పొరలు తయారు చేయాలని మా ప్రయత్నం.

ల్యాబ్‌లో సహాయకుడు నర్సింగ్. పట్టుకాయలను సోడా నీళ్లలో ఉడికించి జిగురు వదిలించేవాడు. దాన్ని డీగమ్మింగ్ అంటారు. అంతకుముందు చాలా ఏళ్లు అద్దకం దుకాణంలో చేసింది కూడా అదే పని. తరువాతిదంతా నాది. ఆ పట్టును లిథియం బ్రోమైడ్ అనే లవణ ద్రావణంలో కరిగించి, సన్నని సంచిలో పోసి, శుద్ధజలంలో వేలాడదీయాలి. నీళ్లు మారుస్తూ ఉంటే లవణం బయటికి పోతుంది. ఇది డయాలిసిస్. చివరకు హై వోల్టేజీతో ఆ ద్రవాన్ని పోగులుగా సాగదీస్తాం.

"దారాన్ని నీళ్లు జేసి, ఆ నీళ్ల నుంచి మళ్ల దారం తీస్తరు. గింత లొల్లి ఎందుకు సార్?" అని నర్సింగ్ నవ్వేవాడు.

బోనాల ఊరేగింపు రోజు దారులు మూసేశారు. శుద్ధజలం క్యాన్లు రాలేదు. ఆలస్యమైతే ల్యాబ్ యజమాని ఏమంటాడోనని సంచిని పాత నీళ్లలోనే వదిలేసి, మర్నాడు పోగులు తీశాను. పొర తెల్లగా, అందంగా వచ్చింది. పరీక్షలో మాత్రం దాని మీద పెంచిన చర్మకణాలు చచ్చిపోయాయి. లవణం పూర్తిగా పోలేదని నాకు తెలుసు.

"తప్పెక్కడ జరిగింది?" అన్నాడు యజమాని.

"జిగురు సరిగా పోయినట్టు లేదండి," అన్నాను.

నర్సింగ్ పక్కనే ఉన్నాడు. "నేను మంచిగనే ఉడకబెట్టిన సార్," అన్నాడు. మళ్లీ తనే, "ఏమో... నాకే సమజ్ కాలేదేమో," అన్నాడు. ఆ వారమే అతని పని పోయింది.

నిరుడు యాకుత్‌పురా స్టేషన్ దగ్గర బండ్ల పార్కింగ్‌లో పనిచేస్తూ కనిపించాడు. "అద్దకం దుకాణానికి మళ్లీ వెళ్లలేదా, నర్సింగన్నా?" అని అడిగాను.

"సేఠ్ పిలిచిండు సార్. నేనే పోలే. గీ చేతుల మీద భరోసా పోయింది. ఎవరి పెళ్లిచీరన్న ఖరాబ్ చేస్తే? మీ పని గూడ ఆగం చేస్తిని. మాఫ్ చెయ్యిండ్రి."

అక్కడే నిలబడి నీళ్ల సంగతంతా చెప్పాను.

"అంటే నా పట్టు మంచిగనే ఉండెనా?"

"బాగానే ఉంది. తప్పు నాది."

"గా దినమే చెప్పకపోతిరా సార్," అని, బండి కోసం వచ్చినవాళ్ల వైపు వెళ్లిపోయాడు.

తరువాత యజమానికీ చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను: నర్సింగ్ పనిలో ఏ లోపమూ లేదు. పొర పాడైతే పారేసి ఇంకోటి తీస్తాం. మనిషికి తన చేతుల మీదున్న నమ్మకం పోతే, నిజం చెప్పినా తిరిగి రాదని ఆలస్యంగా తెలిసింది. అద్దకం దుకాణంలో ఇప్పటికీ అతనికి చోటుంది. అతను వెళ్లడం లేదు.