కింద పెట్టిన ఫించాన్

సౌదీలో తాయిఫ్ కొండ మీద ఒక గులాబీ తోటకి నేను మేనేజర్ని. పేరుకే మేనేజర్ని, అడకత్తెరలో పోకచెక్క బతుకు. పైన కఫీలు, అంటే మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని, కింద మా కడప జిల్లా కూలీలు.

ఆ ఏడు కఫీలు అనుమతి లేకుండానే పని మారొచ్చని ఫోన్లలో వార్త తిరిగింది. తోట పనివాళ్లకు అది వర్తించదన్న ముక్క దాకా ఎవరూ చదవలేదు. రాయచోటి మనిషొకడికి అభాలో హోటల్ వంటపని దొరికింది. తిన్నగా కఫీలు ముందుకెళ్లి, వచ్చీరాని అరబ్బీలో "నీ అనుమతి నాకక్కర్లేదు" అని చెప్పేశాడు. తెలివుంటే ముందు నన్నడిగేవాడు.

కఫీలు నన్ను పిలిచాడు. "వాడి మీద హురూబ్ పెట్టు. రాత్రి లోపల."

హురూబ్ అంటే పనివాడు పారిపోయాడని సర్కారుకు చెప్పడం. కఫీలు ఫోన్లో అలాంటి పనులన్నీ నావే. ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఆ మనిషికి జైలు, ఆపైన ఇంటికి, మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టే దారుండదు. ఆ పారిపోయినవాడేమో ఎదురుగా పూలు కోస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఊర్లో ఏం మొగం పెట్టుకోని తిరిగేది న్నా?" అన్నాడు వాడు, నేను హురూబ్ సంగతి చెప్పగానే, సంచి దించకుండా.

"నోర్మూసుకోని పూలు కొయ్. తోట దాటినావంటే నేనే పట్టిస్తా," అని అరిచాను. భయం నాకూ ఉందని వాడికి తెలియకూడదు.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, కఫీలు ఎప్పటిలాగే నాకు గహ్వా, వాళ్ల కాఫీ, పోశాడు. ఆ చిన్న కప్పుని ఫించాన్ అంటారు. నేను తాగకుండా కింద పెట్టాను. అతిథి అలా పెడితే ఏదో కోరబోతున్నాడని అర్థం. తీర్చకపోతే ఇంటివాడి పరువు పోతుంది. ఆయన తమ్ముళ్లిద్దరూ ఉన్నప్పుడు కావాలనే పెట్టాను. ఆ ఆచారం జీతగాడికి కూడా చెల్లుతుందో లేదో తెలియదు.

"ఆ రాయచోటి మనిషిని వదిలెయ్యండి," అన్నాను.

ఆయన గహ్వా కూజా పక్కన పెట్టాడు. "నా చిన్నప్పుడు రేడియోలో చెప్పారు, బానిసలు ఇక ఎవరి సొత్తూ కారని. ఆ ఏడు కోసేవాళ్లు లేక మా నాన్న దానిమ్మలు చెట్ల మీదే కుళ్లిపోయాయి."

"వీళ్లు బానిసలు కారు కదా, షేక్," అన్నాను.

తమ్ముళ్లు తల దించుకున్నారు. ఆయన ఫించాన్ వైపు చూశాడు.

"తాగు. వాడికి రిలీజ్ ఇస్తా."

చల్లారిన గహ్వా ఒక్క గుక్కలో తాగేశాను. రాయచోటి మనిషి అభా బస్సెక్కాడు. ఇప్పుడు బిర్యానీ ఫోటోలు పంపి నన్ను ఊరిస్తుంటాడు.

నేను ఇంకా తోటలోనే ఉన్నాను. ఫైనల్ ఎగ్జిట్, అంటే ఈ దేశం వదిలి పోయే అనుమతి, అడిగి నేనూ ఇంటికి పోవాలి. అదీ కఫీలు చేతిలోదే. కఫీలు మజ్లిస్‌లో చోటిస్తాడు, ఖర్జూరాలు పెడతాడు, పిల్లలెలా ఉన్నారని అడుగుతాడు. గహ్వా మాత్రం ఆ రోజు నుంచి పోయలేదు.