చెల్కకు ద్రాక్షను తెచ్చిన మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడు. ఆలేరు దిక్కు నుంచి కబురు తెచ్చిన మనిషి మా వాకిట్లో చెప్పులైనా విడవకుండా చెప్పాడు: "పెద్దాయన పోయిండు. పొద్దుగాల పందిరి కింద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు."

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. కాని ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నా చెయ్యి ఊరుకునేటట్టు లేదు. మా బిడ్డను ఇచ్చింది ఆయన కొడుక్కే. వియ్యంకులం ఒకరినొకరం బావా అని పిలుచుకున్నాం, వేళాకోళాలు ఆడుకున్నాం, ఒక్క చుట్టను చెరిసగం కాల్చుకున్నాం.

వాళ్లది ఎర్రటి చెల్క భూమి. నాగలి పెడితే మట్టికన్నా ముందు రాళ్లే లేచేవి. ఆముదాలు, జొన్నలు తప్ప ఇంకొకటి పండుతుందని ఎవరూ అనుకోలేదు. పోలీసు యాక్షన్ అయిన కొన్నేండ్లకు పట్నం శివార్లలో ద్రాక్షతోటలు లేచాయి. ఆయన ఏదో పెండ్లికి పోయి ఆ తోటలు చూశాడు. వచ్చేటప్పుడు అనాబ్‌షాహి రకం ద్రాక్షతీగ ముక్కలను తడిగోనెలో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆముదాల చేను తీసేసి, పందిరి కోసం మనిషెత్తు రాతి కడీలు వరసగా పాతించాడు. దారిన పోయే ఒకాయన ఆగి అడిగాడు.

"ఏందయ్యా, గిన్ని రాళ్లు పాతినవ్, ఊరందరికీ సమాధులా?"

"నీకూ జాగా ఉంచిన తియ్, ఫికర్ పడకు" అన్నాడు మా వియ్యంకుడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మా బిడ్డ బతుకంతా ఆ రాళ్ల మధ్యే ఉంది కదా.

తీగలు పందిరెక్కాయి. పచ్చటి కప్పు వేసినట్టు కమ్ముకున్నాయి. ఆ ఏడు దసరా వెళ్లినంక నేను బిడ్డను చూడపోయాను. అప్పుడు తనకు ఏడో నెల. చూస్తే ఆయన కత్తెర పట్టుకుని పందిరి కింద నిలబడి ఉన్నాడు. ఆకు లేకుండా, మొండి కొమ్మలే మిగిలేటట్టు తీగలన్నీ కోస్తాడట. మాలో ఇంట్లో ఆడపిల్ల కడుపుతో ఉంటే పచ్చని చెట్టు మీద కత్తి పెట్టరు. 

"బావా, కడుపుతోని పిల్ల ఉన్న ఇంట్ల గిదేం పని? నా బిడ్డకేమన్న అయితే?"

ఆయన కత్తెర దించాడు. "కొయ్యకపోతే ఆకే బావా, కాయ రాదు. పట్నంల నేను కండ్లార చూసిన. గానీ నీ బిడ్డ నా కోడలు. నువ్వు వద్దంటే వద్దు."

 మజ్జిగ తెచ్చిన మా బిడ్డ చెంబులు కింద పెట్టింది.

"బాపూ, నా పుట్టెంట్రుకలు తీయించినప్పుడు నువ్వు గిట్లనే భయపడ్డవా? మల్ల ఒత్తుగ రాలేదా? మామా, కత్తెర ఇటియ్యి."

మొదటి తీగను తనే కోసింది. కోసినచోట నీటిబొట్టు ఒకటి ఊరి, నిలిచి, రాలింది. దాని వెనక ఇంకొకటి. తోటంతా కోసేసరికి ప్రతి కొమ్మ కొనకూ బొట్లే. తీగ ఏడుస్తోందని నేనన్నాను.

"ఏడుస్తలేదు బావా, దూడను చూసిన ఆవు లెక్క చేపుతాంది" అన్నాడాయన.

మా మనవరాలు పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం. ఆ పిల్ల బోర్ల పడే నాటికి పందిరి నిండా గుత్తులు వేలాడుతున్నాయి. ఎండ వాటిలోంచి దిగి నేల మీద తేనెరంగు మచ్చలు పరిచింది. నేను ఎన్నో పంటలు చూశాను. ఆనాడు మాత్రం గుడిలోకి పోయినట్టు చెప్పులు బయటే విడిచి ఆ పందిరి కిందికి పోయాను.

తర్వాత ఒక ఏడు, పండు కోతకొచ్చిన వేళకు అకాల వాన పడి కాయలన్నీ పగిలాయి. పండ్ల బేరగాళ్లు మొగం చాటేశారు. ఈయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. పట్నం పక్కన ద్రాక్షతో వైన్ చేసే కార్ఖానా కొత్తగా పెట్టారని విని, పగిలిన పండునే బండికెత్తాడు. వాళ్లు రసం చూసి తీసుకున్నారు. ఆ మీదట చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా ధైర్యం చేసి పందిళ్లు వేశారు. సమాధులా అని అడిగినాయనే కడీలకు మంచి రాయి ఎక్కడ దొరుకుతుందని ఈయన ఇంటికొచ్చాడు.

కార్ఖానా నుంచి మొదటి సీసా తెచ్చినప్పుడు ఆయన మూత తీసి, ముందు ఎల్లమ్మకు మొక్కి నేల మీద సాక పోశాడు. కల్లు పోసే చోట, కల్లు పోసినట్టే. తర్వాత నా గ్లాసులో పోశాడు. పులుపు, వెనకనే వగరు, ఆ వెనక వానకు తడిసిన చెల్క వాసన.

"ఎట్లుంది బావా?"

"కల్లు నవ్విస్తది. గిది కూసోబెడ్తది" అన్నాను.

"మన రాళ్ల కింద గింత తీపి ఉన్నదని మన తాతలకు తెల్వకపాయె" అన్నాడు. 

ఆయనకు చివరిదాకా ఒకటే బెంగ. మా అల్లుడు, అదే ఆయన కొడుకు, బాయి ఎండుతోందని, తోట చాకిరీ తన వల్ల కాదని, మళ్లీ ఆముదాలు పెడదామని అంటుండేవాడు. "నేను పోతే పందిరి పీకేస్తరు బావా" అని నాతో ఎన్నిమాట్లు అన్నాడో.

ఆయన పోయిన మూడోనాడు చేనుగట్టు మీద పిట్టకు, అంటే కాకికి, పెట్టాం. మోదుగాకులో అన్నం, కోడికూర, దొప్పలో కల్లు, పక్కన ఇంకో దొప్పలో ఆ వైన్. కాకులు వచ్చి కంపచెట్టు మీద వాలుతున్నాయి తప్ప ఆకు దగ్గరికి దిగడం లేదు. పోయినాయన మనసులో ఏదో కొట్టుకుంటోందని పెద్దలన్నారు. ఆయనకు ఇష్టమైన కూరలు వండుతామన్నారు, మనవరాలి పెండ్లి చేస్తామన్నారు. ఒక్క కాకీ కదల్లేదు. అల్లుడు నేల చూస్తున్నాడు.

మా బిడ్డ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"మామా, పందిరి పీకనియ్య. బాయి నేను పూడిక తీయిస్త. నా పానమున్నంతకాలం తోట ఉంటది."

అల్లుడు తలెత్తి ఆమెను చూశాడు. "అవు నాయినా. ఇద్దరం చూసుకుంటం" అన్నాడు.

దుఃఖపడాల్సిన చోట నాకు పట్టరాని సంతోషం పొంగింది. ఎవరేమనుకున్నా సరే, ఆమెను కన్నది నేనే అని అరవాలనిపించింది.

ఒక ముసలి కాకి దిగింది. అన్నం ఒక మెతుకు, కూర ఒక ముక్క. తర్వాత వైన్ దొప్ప అంచున నిలబడి, ముక్కు ముంచి, మెడ పైకెత్తి మింగింది. ఎగిరిపోయి దగ్గరి కడీ మీద వాలి, ఆ రాతికి ముక్కును ఇటు ఒకసారి, అటు ఒకసారి తుడుచుకుని, తీరిగ్గా కూర్చుని తోటంతా చూసింది.