పెదనాన్నకు తెలిసిన దారి

మా పెద్దమ్మ హాస్టల్లో రెండు వందల మందికి వంట చేస్తుంది. పెళ్లిరోజని పెదనాన్న మొదటిసారి ఆమెను హోటలుకు తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నాడు. ఆ హోటలుకు బోర్డు కూడా లేదు. ఆటో అతను రెండుసార్లు దారి తప్పి, విసుగొచ్చి మమ్మల్ని సందు మొదట్లోనే దించేశాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని పెదనాన్న, ఎవరినీ అడక్కుండా మూడు మలుపులు తిరిగి, ప్రింటింగు ప్రెస్సు వెనక మెట్లెక్కాడు.

అన్నం చల్లారిపోయింది. కూర చప్పగా ఉంది. పెద్దమ్మ ఒక ముద్ద తిని ఆగింది.

వడ్డించే అతను పెదనాన్నను చూసి నవ్వాడు. "మొన్న బుధవారం రాలేదేంటి సార్? మీ కుర్చీ అట్టే పెట్టాం."

ఆరేళ్లుగా ప్రతి బుధవారం కడుపు బాగాలేదని పెదనాన్న రాత్రి అన్నం మానేస్తున్నాడు. పెద్దమ్మ హాస్టల్ నుంచి ఒళ్లు హూనమై వచ్చి కూడా ఆయనకు గంజి కాస్తోంది. ఆయన రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెడతాడు.

"ఏదో, నోటికి మార్పుగా ఉంటుందని" అని పెదనాన్న నసిగాడు.

"రుచిగా ఉంటే పోనీలే అనుకునేదాన్ని. ఈ చప్పిడి కూటికోసమా నాతో గంజి కాయించారు?"

పెద్దమ్మ తన కంచం ఆయన ముందుకు జరిపింది.

"ఇదీ తినేయండి. రేపట్నుంచి మనింట్లో రోజూ బుధవారమే."