ఉస్తాద్ మా ఇద్దరికీ ఇచ్చిన గత్

మొఘల్‌పురాలో మా ఉస్తాద్ ఇంటికి తలుపు ఒకటి, గొళ్ళేలు మూడు. ఆ ఇంట్లో దొంగలు ఎత్తుకుపోదగ్గవి రెండు సితార్లు, ఒక పాన్‌దాన్, కొంచెం ఇత్తడి సామాను. గొళ్ళేలు వాటికోసం కాదని నేను పాఠానికి చేరిన వారంలోనే తెలిసింది. ఆయన దాచుకునేవి గత్‌లు. అంటే తాతల నాటినుంచి ఆ ఇంట్లో చేతినుంచి చేతికి వస్తున్న సితార్ రచనలు. వాయించగానే గాలిలో కలిసిపోయే వస్తువుకు కాపలా కాయడం ఎంత కష్టమో తలుచుకుంటే ఆయన మీద నాకు జాలే కలిగేది.

అయినా ఆయన తన చేతనైనంత చేసేవారు. పాఠానికి ముందు గల్లీ వైపు కిటికీ మూయించేవారు. పరాయివాళ్ళున్న మెహఫిల్‌లో వాయిస్తూ గత్‌లో మంచి చోటుకు వచ్చారంటే చలికాలమైనా ఎండాకాలమైనా ఎడమచేతి మీదికి శాలువా జారేది. తీగ మీద వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో ఎవరికీ కనబడకూడదు. పురానాపూల్ వంతెన అవతల ఇంకొక సితార్ ఉస్తాద్ ఉండేవారు. మా ఉస్తాద్ లెక్క ప్రకారం ఊళ్ళోని ప్రతి పాలవాడూ, ప్రతి టాంగావాడూ ఆ అవతలాయన పంపిన మనిషే. ఒకసారి కొత్త బిచ్చగాడొకడు రెండు రోజులు వరసగా మా గడప ముందు కూర్చుంటే, ఉస్తాద్ మేనల్లుణ్ణి పిలిచి, "వానికి రొట్టె ఇయ్యి. కానీ జర అటు దిక్కు కూసోమను," అన్నారు. దానం దానమూ అయింది, జాగ్రత్త జాగ్రత్తా అయింది.

ఆ మేనల్లుడు, నేను, మేమిద్దరమే పెద్ద శిష్యులం, ఉస్తాద్ మాటల్లో షాగిర్ద్‌లం. అతను ఉస్తాద్ చెల్లెలి కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద, జల్తారు పని చేసే కార్ఖానాలో ఉండేవాడు. నేను దబీర్‌పురా బట్టల దుకాణం వాళ్ళ అబ్బాయిని. బి.ఎ. చదువుతున్నాను. అందులో తర్కశాస్త్రం ఒక సబ్జెక్టు. పొద్దున్నే సైకిల్ మీద ఉస్తాద్ ఇంటికి, అక్కడినుంచి కాలేజీకి. యుద్ధం అప్పటికింకా పేపర్లోనే ఉండేది.

మా బాపుకు సితార్ మీద ద్వేషమేమీ లేదు. ఆయన అడిగేది వ్యాపారి అడిగే ప్రశ్నే.

"మూడేండ్లాయె. ఇంకా గవే టింగుటింగులు. గాయన నీకు అసలు సరుకు చూపెడ్తుండా, లేకుంటే గిరాకీకి పరిచే ముక్కలేనా?"

"గండా కట్టినంక చూపెడ్తరు బాపు."

"ఎప్పుడు కడ్తరు?"

గండా అంటే ఉస్తాద్ శిష్యుడి మణికట్టుకు కట్టే ఎర్రదారం. అది కట్టేదాకా మనం రోజూ వచ్చిపోయే మనుషులం. కట్టాక ఆ ఇంటి కొడుకులం. లోపలి గత్‌లు అప్పటినుంచే మొదలవుతాయి. బాపు చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. నా పరీక్షల లోపు గండా పడితే సితార్ ఉంటుంది. పడకపోతే సితార్ అటకెక్కుతుంది, నేను దుకాణం గద్దె ఎక్కుతాను. అన్యాయమని అనలేకపోయాను. మూడేళ్ళు ఎవరైనా ఓపిక పట్టారంటే వాళ్ళతో వాదించడం కష్టం.

ఆ చలికాలంలో ఉస్తాద్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. "ఒక గత్ ఇస్తున్న. మా ఇంటిది. వచ్చే నెల మొదటి జుమేరాత్ నాడు వినిపియ్యాలె. మంచిగ వాయిస్తే గండా కడ్త."

జుమేరాత్ అంటే గురువారం. ఇంతవరకు బాగానే ఉంది. తరువాత మాటే నా నిద్ర చెడగొట్టింది.

"ఇద్దరికి అలగ్ అలగ్ చెప్త. ఒకని ముంగట ఒకడు వాయించొద్దు."

మేనల్లుడికి ఆదివారం, నాకు మంగళవారం. మూడు గొళ్ళేలూ పడేవి. ఒకే గత్ అయితే ఇద్దరికీ కలిపి ఎందుకు చెప్పకూడదు? తర్కశాస్త్రం చదివినవాడికి అనుమానం రావడానికి ఇంతకంటే తక్కువ చాలు.

రెండో ఆదివారం నేను ఆ గల్లీలోంచి వెళ్ళాను. ఆ గల్లీ ఎక్కడికీ దగ్గరదారి కాదు. కిటికీ మూసే ఉంది గాని దాని చెక్క పాతది, సందుల్లోంచి అంతా వినిపిస్తోంది. రెండో వరస చివర, పైస్వరానికి చేరేచోట, అతని మలుపు నా మలుపులా లేదు. నేను అక్కడ సితార్ మెట్ల మీద ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పోవాలి. అతను ఒకే మెట్టు మీద వేలుంచి తీగను పక్కకు లాగాడు, స్వరం పొగలా లేచింది. వినగానే తెలిసిపోయింది, అసలు సరుకు అదేనని.

మర్నాడు మేనల్లుడే నన్ను వెతుక్కుంటూ కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. "బి.ఎ. సాబ్, పురానాపూల్ దాకా నడుస్తవా? జర మాట్లాడేదుంది."

వంతెన మధ్యలో మూసీ మీద గాలి బాగా వీచేచోట ఆగాం. అతను ముందూ వెనకా చూశాడు. నేనూ చూశాను. పురానాపూల్ అవతలివైపు ఎవరి ఇల్లుందో ఇద్దరికీ గుర్తే.

"మామూ నీకు చెప్పిన గత్, రెండో వరస ఆఖరు ఎట్లున్నది?" అన్నాడు.

"నీదెట్లున్నది భాయ్?"

"ముందుగాల నువ్వు చెప్పు."

"నువ్వు పెద్దోనివి."

"నువ్వు సదువుకున్నోనివి."

కాసేపు ఇట్లా ఒకరి గొప్పతనాన్ని ఒకరం ఒప్పుకున్నాం. చివరికి నేను ఒక న్యాయమైన మార్గం చెప్పాను. ఇద్దరం ఒక్కసారే పాడాలి. ఒకటి, రెండు, మూడు అనుకుని పాడాం కూడా.

"విన్నవా?" అన్నాడు.

"నేను పాడుతుంటి గదా. నువ్వు విన్నవా?"

"నేను గూడ పాడుతుంటి."

కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఆమె ఒకతె ఆగి, "ఏంది బిడ్డా, ఏమన్న పోగొట్టుకున్నరా?" అని అడిగింది. ఏమీ పోలేదని చెప్పాం. అది నిజమని మాకే నమ్మకం లేదు.

తరువాత ఒక స్వరం అతను, ఒక స్వరం నేను, నాణేలు మార్చుకున్నట్టు మార్చుకుని తేల్చుకున్నాం. మిగతాదంతా ఒకటే. ఆ ఒక్క మలుపే తేడా.

మేనల్లుడి ముఖం వాడిపోయింది. "నాకెరికే. అసలుది నీకే ఇచ్చిండు. సదువుకున్న షాగిర్ద్ అని పదిమందిల చెప్పుకుంటడు గదా నీ గురించి."

"నీకేమన్న పిచ్చా భాయ్? నువ్వు ఇంటి రక్తం. నాకెందుకిస్తరు?"

"నీకు తెల్వది. మామూ నిశానీ పెడ్తడు. ఒక్కొక్కనికి గత్‌ల ఒక్కొక్క తీరు మార్పు జేసి ఇస్తడు. రేపు గది బజార్ల వినిపిస్తే ఎవడు అమ్మిండో ఎరకైతది గదా! నిశానీ ఉన్నది నకలు. లేనిదే అసలు."

ఆ మాట నాకు అంతకుముందు తెలియదు. తెలిశాక ఉస్తాద్ మీద గౌరవం పెరిగింది, నమ్మకం తగ్గింది. రెండూ ఒకేసారి జరగడం నాకు అదే మొదలు.

అక్కడే ఒట్టు పెట్టుకున్నాం. నిశానీ మార్చి వాయిస్తే ఉస్తాద్ పట్టేస్తారు, ఇద్దరం మాట్లాడుకున్నామని తెలిసిపోతుంది. కాబట్టి ఎవరికిచ్చింది వాళ్ళే వాయించాలి. సితార్ మీద ఒట్టు. అతను నన్ను కౌగిలించుకున్నాడు. మంచి మనిషి అనుకున్నాను. అతనూ నా గురించి అదే అనుకుని ఉంటాడు.

ఇంటికి వెళ్ళి తలుపేసుకుని లెక్క వేశాను. ఉస్తాద్ ఒకరికి అసలు, ఒకరికి నకలు ఇచ్చారు. సొంత చెల్లెలి కొడుక్కి ఎవరూ నకలు ఇవ్వరు. కాబట్టి నకలు నాది. నకలు వాయించినవాడికి గండా ఎందుకు కడతారు? మా తర్కశాస్త్రం లెక్చరర్ విని ఉంటే నాకు మొదటిసారి మంచి మార్కులు వేసేవాడు. ఇక ఉస్తాద్ పట్టేస్తారన్న భయానికి కూడా సమాధానం దొరికింది. నకలు ఇచ్చినా అసలు దారి వీడు తనంతట తానే కనిపెట్టాడు, పుట్టుకళాకారుడు అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఇరవై ఏళ్ళ వయసులో మనిషి తన గురించి ఇలాంటివి చాలా తేలికగా నమ్ముతాడు.

ఆ రోజునుంచి మూడు వారాలు తీగ లాగడమే పని. ఎడమచేతి చూపుడువేలు చర్మం లేచిపోయింది. చివరికి లాగగలిగాను. మంగళవారాలు ఉస్తాద్ ముందు మాత్రం పాత మలుపే, అమాయకంగా, మెట్టు మెట్టూ ఎక్కుతూ.

ఆ జుమేరాత్ పొద్దున పళ్ళెంలో బెల్లం, నానబెట్టిన శనగలు, ఎర్రదారం పెట్టి ఉన్నాయి. లోబాన్ సాంబ్రాణి పొగ. మూడు గొళ్ళేలు. ఉస్తాద్ ఉతికిన షేర్వాణీ వేసుకున్నారు.

మేనల్లుణ్ణి ముందు వాయించమన్నారు. అతను నా వైపు చూడలేదు. మొదటి వరస, రెండో వరస, చివరి మలుపు. మెట్టు మెట్టూ ఎక్కుతూ పైకి పోయాడు.

నా మలుపు! వంతెన మీద నేనిచ్చిన స్వరాలు, ఒక్కటి మిగల్చకుండా. సితార్ మీద ఒట్టు పెట్టి మోసం చేశాడు వీడు, అని ఒళ్ళు మండిపోయింది. నేను చేయబోతున్నదీ అదేనని గుర్తుకు రావడానికి కొంచెం సమయం పట్టింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి తోచింది. ఇంటి రక్తమే తనది వదిలేసి నాది పట్టుకుందంటే, అసలుది నాదేనేమో?

"నువ్వు కానియ్ బేటా," అన్నారు ఉస్తాద్.

పాతదే వాయిద్దామని నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకున్నది నేను, వేలు కాదు. మూడు వారాలు నేర్పినదే దానికి తెలుసు. మలుపు రాగానే తీగను పక్కకు లాగింది. ఇంట్లో ఎంతో తియ్యగా లేచిన స్వరం ఆ గదిలో పైస్వరానికి వెంట్రుకవాసి కింద ఆగిపోయింది. ఇంట్లో కూడా అక్కడే ఆగేదేమో, వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.

ఉస్తాద్ పాన్‌దాన్ తెరిచి, మూశారు.

"ఇద్దరు మస్తు వాయించిండ్రు," అన్నారు. "ఒకనిది ఒకడు."

మేనల్లుడు నేలచూపులు చూశాడు. నేను శనగల వైపు చూశాను.

"ఎన్నడు మాట్లాడుకున్నరు?"

"పురానాపూల్ మీద, మామూ."

"యా అల్లా, పోయి పోయి గాడనేనా?"

ఆయనకు తగిలిన దెబ్బ అదేనని ఇప్పటికీ నా అనుమానం. మేనల్లుడు ధైర్యం చేసి, "మరి అసలుది ఏది మామూ?" అని అడిగాడు.

ఉస్తాద్ అతని చేయి, నా చేయి పట్టుకుని పక్కపక్కన పెట్టారు. "చూడుండ్రి. నీ వేలు లావు, జోరున్నది. తీగ నాలుగు సుర్‌ల దాకా గుంజుతది. అందుకే నీకు గుంజుడు ఇచ్చిన. బి.ఎ. సాబ్ వేలు సన్నం, ఉరుకుతది గని గుంజలేదు. గందుకే మెట్లు ఇచ్చిన. నాకు మా అబ్బా ఇచ్చింది ఇంకో తీరున్నది. నా చేతికి." ఆగి, "నకలు ఏడికెళ్ళి వచ్చింది మీకు?" అన్నారు.

"మరి అలగ్ అలగ్ ఎందుకు చెప్పినరు ఉస్తాద్?" అని నేను అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"కలిపి చెప్తే గిదే పని చేస్తరని."

ఇది ముందే ఉన్న కారణమా, అప్పటికప్పుడు పుట్టిందా? ఆ రాత్రి దాకా ఆలోచించాను. చాలావరకు నమ్మాను. మిగిలింది ఇంకా నా దగ్గరే ఉంది.

దారం పెట్టెలోకి వెళ్ళిపోయింది. "ఎవనిది వాడు మళ్ళ వాయించిన నాడు కడ్త," అన్నారు. బెల్లం మాత్రం తినమన్నారు. తిన్నాం. నా పరీక్షలకు ఏడు వారాలుంది.

నేర్చుకున్నది మరిచిపోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. మెట్లు ఎక్కాల్సిన చోట వేలు దానంతటదే పక్కకు జారేది. ఉస్తాద్ పక్కన కూర్చుని, నా వేలి మీద తన వేలు పెట్టి, ఒక్కొక్క మెట్టూ ఎక్కించేవారు. ఒకే చోట వందసార్లు తప్పినా ఒక్కనాడూ విసుక్కోలేదు. ఒక మంగళవారం కిటికీ తెరిచే ఉంది. గల్లీలో జనం పోతున్నారు. మూయడం లేదంటే ఇది ఎత్తుకుపోదగ్గది కాదన్నమాట.

"ఉస్తాద్, కిటికీ..."

"ఉండనియ్. గిది నీ వేలికి తప్ప ఎవనికి పనికిరాదు. ఎవడన్న ఎత్తుకపోతే వానికే తక్లీఫ్."

తరువాతి వారాల్లో మేము ఒకరి పాఠానికి ఒకరం కూర్చున్నాం. అదీ ఉస్తాద్ హుకుమే. మేనల్లుడు తీగ లాగుతుంటే నేను విన్నాను. నిజమే, నా వేలితో అది అయ్యే పని కాదు. నేను మెట్లు ఎక్కుతుంటే అతను విని, "సాఫ్ ఉన్నది భాయ్," అన్నాడు. ఏదో ఉద్దేశంతోనే అన్నాడనుకున్నాను. తరువాత తెలిసింది, నిజంగానే సాఫ్‌గా ఉంది.

పరీక్షలకు తొమ్మిది రోజులుందనగా ఒక జుమేరాత్ ఇద్దరం ఎవరిది వాళ్ళం వాయించాం. ఉస్తాద్ లేచి పెట్టె తెరిచారు. బాపు కూడా ఆ రోజు ముందే వచ్చి గోడకానుకుని కూర్చుని ఉన్నారు. సరుకు తనిఖీ చేసే ముఖం పెట్టారు గాని, నేను వాయించినంతసేపూ ఆయన ఏమీ అడగలేదు. ముందు మేనల్లుడి మణికట్టుకు దారం పడింది, తరువాత నాకు. ఉస్తాద్ ముడి వేస్తూ పెదవుల్లోనే దువా చదువుతున్నారు. మూడున్నరేళ్ళు ఎదురుచూసిన ఆ క్షణంలో నేను నా చేతిని చూడాల్సింది. నా చూపు పక్కకు పోయింది. మేనల్లుడి దారం నాదానికంటే కొంచెం లావుగా ఉన్నట్టు అనిపించింది.

ఉస్తాద్ దువా పూర్తి చేశారు. ముడి గట్టిగా లాగారు.

"రెండు ఒక్క ఉండలకెళ్ళి తెంపినయే బేటా," అన్నారు. "కావాల్నంటే పక్కకు పెట్టి చూస్కో."

సిగ్గుతో తల వంచుకున్నాను. తరువాత, ఆయన పాన్ కోసం అటు తిరిగినప్పుడు, పక్కకు పెట్టి చూసుకున్నాను.