గేర్‌బాక్స్‌కు మనుషుల జ్వరం

నా గొంతు నాకే వినబడని కాలం ఒకటుండేది. రోజుకు పది మాటలతో సరిపెట్టుకునేదాన్ని, వాటిలో నాలుగు "ఊఁ"లే. మిగతా సమయమంతా ఏదో ఒక పుస్తకంలో తల దూర్చుకునే ఉండేదాన్ని. అలాంటి దాన్ని డిప్లొమా కాగానే పటాన్‌చెరులో కార్లు బాగుచేసే షెడ్డులో చేరాను. ఒకవైపు ఫ్యాక్టరీల లారీలు, మరోవైపు రేకుల మీద సుత్తి దెబ్బలు. అక్కడ మెల్లగా మాట్లాడటమూ మాట్లాడకపోవటమూ ఒకటే. షెడ్డు పెద్దను అందరూ ఉస్తాద్ అనేవారు. బండికి చెవి ఆనించి రోగం చెప్పగల మనిషి. నన్ను నెల రోజులు చూసి, ఉంచుకోవాలో వద్దో చెబుతానన్నాడు. ఆ నెల ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా ఇది జరిగింది.

ఉస్తాద్ లెక్కలో బండ్లన్నీ మనుషులే. సైలెన్సర్ మోగితే "దగ్గుతున్నది", గేర్‌బాక్స్ వేడెక్కితే "బుఖార్ వచ్చింది", అంటే జ్వరం. సంగారెడ్డి కిరాణా సేటు తన ఆటోమేటిక్ కారును ఆ జ్వరంతోనే తెచ్చాడు. ఉస్తాద్ రెండు రోజులు కష్టపడి గేర్‌బాక్స్ నూనె మార్చి, "ఇగ దీనికి బుఖార్ రాదు సేట్, నా జబాన్" అని మాటిచ్చాడు. ఆ మాట పరీక్షించడానికి ఉస్తాద్, సేటు, నేను ముగ్గురం సంగారెడ్డి దిక్కు బయలుదేరాం. స్టీరింగ్ కింద చిన్న డబ్బీలాంటి స్కానర్ గుచ్చి, కొత్తగా యాప్ వేసిన ఫోన్ నా చేతిలో పెట్టాడు ఉస్తాద్.

"ఇందుల బుఖార్ ఎంతున్నదో కనిపిస్తది బేటీ. నూట ఇరవై దాటితే నాకు చెప్పాలె. దాటినంక నడిపితే లోపలంత కాలిపోతది."

యాప్ తెరవగానే, డిగ్రీలు సెంటీగ్రేడ్‌లో కావాలా ఫారెన్‌హీట్‌లో కావాలా అని అడిగింది. నేను చదువుకున్న పిల్లను కదా, క్షణం కూడా తడబడలేదు. జ్వరమన్నాక ఫారెన్‌హీటే! (మా అమ్మ థర్మామీటరు నా నోట్లో పెట్టిన ప్రతిసారీ అదే లెక్క.) ఫారెన్‌హీట్ నొక్కాను. తొంభై అయిదు చూపించింది. పాపం, ఒళ్ళు చల్లగానే ఉంది అనుకున్నాను.

ఇస్నాపూర్ దాటకముందే నూట ఇరవై రెండయింది. "ఉస్తాద్, దాటింది" అన్నాను. నా మెడలో చున్నీకి వినబడింది, ఉస్తాద్‌కు వినబడలేదు. నూట నలభై దగ్గర మళ్ళీ చెప్పాను. ఆ మాటను పక్కనున్న సిమెంటు లారీ హారన్ మింగేసింది. మూడోసారి చెప్పేముందు గొంతు సవరించుకుంటే, "నీళ్ళు తాగు బేటీ" అని సీసా అందించాడు. బిడియం కొద్దీ తాగాను. రుద్రారం చేరేసరికి నూట డెబ్బై ఆరు. భయంతో ఇక ఫోన్‌నే ఆయన ముఖానికి అడ్డం పెట్టాను.

బండి కీచుమంటూ పక్కకు ఆగింది. బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలంతా మావైపే చూశారు.

"ఏంది ఉస్తాద్," వెనక సీట్లోంచి సేటు దిగాడు, "గేర్‌బాక్స్ బాగుచేసినవా, దాని మీద పప్పు ఉడకబెట్టుకొమ్మని ఇచ్చినవా?"

ఉస్తాద్ బానెట్ ఎత్తి వాసన చూశాడు, కింద వంగి చూశాడు. "గింత బుఖార్‌కు మాడు వాసన రావాలె. వస్తలేదు," అని తనలో తను గొణుక్కున్నాడు. చివరికి లేచి నిలబడి, తలదించుకుని అన్నాడు: "నా చెయ్యే తప్పింది సేట్. మొత్తం ఇప్పి సూస్త."

ఆయన తలదించుకోవడం నేను అంతకుముందు చూడలేదు. చూడలేక ఫోన్ వైపు తిరిగాను. అంకె పక్కన చీమంత ఎఫ్ అక్షరం. అప్పుడు వెలిగింది నాకు. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నిక్షేపంలాంటి గేర్‌బాక్స్‌ను విప్పి, ఆయన లేని తప్పును జీవితమంతా వెతుక్కుంటాడు.

"ఉస్తాద్! ఇది మనుషుల బుఖార్!" అని అరిచాను. బస్టాపు దాకా వినబడే ఉంటుంది, ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఏందీ?"

ఏడుపు గొంతుతోనే అంతా చెప్పి, యాప్‌లో సెంటీగ్రేడ్ నొక్కాను. నూట డెబ్బై ఆరు కాస్తా ఎనభై అయింది. ఉస్తాద్ మాట నిలిచింది.

"ఏలు పెట్టంగనే బుఖార్ దించినవ్ గదమ్మా," అన్నాడు సేటు. "మా ఇంట్ల పిల్లలకు ఒళ్ళు కాలితే నిన్నే పిలుస్త."

ఉస్తాద్ నవ్వలేదు, తిట్టలేదు. బానెట్ మూసి, "గొంతున్నది గద బేటీ, ఇన్ని దినాలు ఏడ దాచినవ్?" అని మాత్రం అన్నాడు.

ఆయన పొమ్మనకముందే నేనే మానేద్దామని, ఆ సాయంత్రం డైరీలోంచి కాగితం చింపి రెండు పేజీల ఉత్తరం రాశాను. "గురుతుల్యులైన మీ సన్నిధికి" అని మొదలై, "అపరాధభారంతో" అని ముగిసే ఉత్తరం. పొద్దున్నే జేబులో పెట్టుకుని వెళ్ళాక గుర్తొచ్చింది, ఉస్తాద్ చదివింది ఉర్దూ బడిలో, ఆయనకు తెలుగు చదవడం రాదని. ఇస్తే, "ఏం రాసినవో నువ్వే చదువు" అంటాడు. షెడ్డులో అందరి ముందూ రెండు పేజీలు! ఆ ధైర్యం లేకనే ఆగిపోయాను. ఆ నాలుగు రోజులు గడిచాయి, నన్ను ఎవరూ పొమ్మనలేదు.

ఇప్పుడు సిమెంటు లారీని మించి అరవగలను. ఆ ఉత్తరాన్ని మాత్రం, డైరీలో తగిలినప్పుడల్లా, పెదవులు కదపకుండానే చదువుకుంటాను.