ఉప్పునీళ్ళ గిన్నె

ద్రవాభిసరణ అనే మాటను నేను కొన్ని వందల సార్లు దిద్ది ఉంటాను. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలకు అచ్చుతప్పులు చూడటం నా ఉద్యోగం. 'భ'కు ఒత్తు పడిందా, 'ణ' కాస్తా 'న' అయిందా అని చూశానే తప్ప, ఆ మాట ఏం చెబుతోందో ఒక్కసారీ చూడలేదు. చివరికి అది నా వంటగదిలో, నా కళ్ళ ముందే జరిగినప్పుడు కూడా గుర్తుపట్టలేదు. అచ్చుతప్పులు పట్టేవాడు చేసిన అచ్చమైన తప్పు.

మాది గుంటూరు వైపు, మా ఆవిడది నల్గొండ వైపు. ఇంట్లో ఒకే దుంపకు రెండు పేర్లు. నేను బంగాళాదుంప అంటే ఆవిడ ఆలుగడ్డ అనేది. పెళ్ళయిన కొత్తలో, "ఆలు అంటే తెలుగులో భార్య, తెలుసా?" అని పాండిత్యం వెలగబెట్టాను.

"గట్లనా? అయితే రోజు ఉడకబెట్టేది నన్నేనా?" అంది.

ఆ దుంప అంటే ఆవిడకు ప్రాణం. కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక, ఏం తినాలో ఏం తినకూడదో రాసిన కాగితం ఒకటి ఆసుపత్రి వాళ్ళు ఇచ్చారు. ఫ్రిజ్ తలుపుకు అంటించాం. ఉప్పు వద్దు. పళ్ళు వద్దు. నీళ్ళు కొలిచి తాగాలి. గడ్డిఅన్నారం నుంచి పళ్ళ మార్కెట్ అంతకు ముందే తరలిపోయింది. "నేను ఆశపడొద్దనే లేపిన్రు," అని నవ్వేది. దుంపలు కూడా వద్దనే రాసి ఉంది గానీ, డాక్టరుగారిని బతిమాలితే ఒక దారి చెప్పారు. పొటాషియం పోయేలా సన్నగా తరిగి గంటల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి, ఆ నీళ్ళూ పారబోసి వండితే వారానికోసారి తినొచ్చట. అలా వండితే దుంపలో దుంప తప్ప ఏమీ మిగలదు. ఆదివారం ఆ వంట నాది.

ఒక ఆదివారం తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి బయాలజీ రికార్డు కోసం అదే దుంప పట్టుకుంది. ముక్కల్ని కొలిచి కోసి, కొన్ని మామూలు నీళ్ళలో, కొన్ని ఉప్పు కలిపిన నీళ్ళలో వేసి, మధ్యాహ్నం మళ్ళీ కొలవాలి. అమ్మ కూరకు కావాల్సినవీ తనే అదే కొలతకు కోసింది. గట్టు మీద మూడు స్టీలు గిన్నెలు. అమ్మాయి గిన్నెలకు మా ఆవిడ సరదాపడి చీటీలు రాసి అంటించింది. ఒకదాని మీద 'మంచినీళ్ళు', ఇంకోదాని మీద 'ఉప్పునీళ్ళు'. తన కూర గిన్నెకు చీటీ లేదు. అమ్మాయి ట్యూషన్‌కు వెళ్ళింది.

మా పేటలో ఉప్పునీళ్ళంటే ఉప్పు కలిపిన నీళ్ళని ఎవరూ అనుకోరు. ఉప్పునీళ్ళంటే బోరు నీళ్ళు. మంచినీళ్ళంటే రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళు. ఆవిడ ముక్కల్ని మేం నానబెట్టేది బోరు నీళ్ళలోనే. 'ఉప్పునీళ్ళు' అని ఆవిడ చేతిరాతతో గిన్నె కనిపిస్తే ఇక అనుమానమెందుకు? ముక్కలు తీసి చూస్తే తోటకూర కాడల్లా వేలాడుతున్నాయి. 'ఆహా, ఎంత బాగా నానాయి!' అనుకున్నాను. ఉప్పు వాటిలోని నీటిని బయటికి లాగేసిందని, ద్రవాభిసరణ అంటే అదేనని, వందల సార్లు దిద్దిన మనిషికి తట్టలేదు. ఇంత మెత్తబడ్డవాటిని మళ్ళీ ఉడకబెట్టడం దేనికని నేరుగా మూకుట్లో వేశాను. గిన్నె కడిగేశాను. చీటీ ఊడి సింకు జాలీలోకి పోయింది.

మా ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. నా మొహంలోకి చూసింది. "ఇంకొంచెం ఎయ్యి," అంది. నా చేతి వంటకు నేనే మురిసిపోయాను.

సాయంత్రానికి దాహం పట్టుకుంది. ఆవిడ నీళ్ళ సీసా మీద రోజుకు ఇంతే అని మార్కర్‌తో గీత గీసి ఉంచేవాణ్ణి. గీత అప్పటికే దాటింది. "అర గ్లాసియ్యవా," అని అడిగింది. నేను ఫ్రిజ్ మీది కాగితం చూపించాను. "నీ దుంప తెగ, కాస్త ఓర్చుకోలేవూ?" అని కూడా అన్నాను. మా వైపు అది ముద్దుగా అనే మాటే. ఆవిడ నాలుకతో పెదాలు తడుపుకుంది.

మర్నాడు ఎల్బీనగర్‌లో డయాలసిస్. బరువు చూసిన కుర్రాడు కసురుకున్నాడు.

"ఏందమ్మా, గింత పెరిగినవ్? ఏం తిన్నవ్ నిన్న?"

"తినుడు కాదు తమ్మీ, నీళ్ళు జర ఎక్కువ తాగిన. మా ఆయన ఒద్దన్నా వినలే."

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో, "నాకు తెలియకుండా తాగావన్నమాట," అన్నాను పోలీసులా.

"నాకు తెలిసే తిన్న గదా," అంది. "పిల్ల ఉప్పు కలిపిన గిన్నె వండినవయ్యా నువ్వు."

"తెలిసీ ఎందుకు తిన్నావే?"

"చెప్తే కంచం గుంజుకుంటవని. ఎన్ని దినాలైంది, కూర కూర లెక్క ఉండి."

చైతన్యపురి స్టేషన్ దాటేదాకా ఇద్దరం బయటికే చూశాం.

అమ్మాయి సంగతి ఇంకోటి. మిగిలిన చీటీ లేని గిన్నే తన ఉప్పునీళ్ళ గిన్నె అనుకుని కొలిచింది. ముక్కలు పొడుగెక్కాయి. ఉన్నదున్నట్టు రాసుకుపోతే టీచరు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఉప్పులో ముక్క కుంచించుకుపోవాలి, సరిచేసి రాయమన్నారు. పిల్ల పాఠంలో ఉన్న అంకెలు ఎక్కించేసింది. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఉప్పు, తప్పు, ఒప్పు: మూడింట్లో నాకు ఒప్పుకోవడమే చేతకాలేదు.

ఆ ఏడు వానలు తగ్గేలోపే మా ఆవిడ వెళ్ళిపోయింది. ఒక పూట కూర వల్ల అలా జరగదని డాక్టరుగారు నాకు రెండుసార్లు చెప్పారు. నన్ను తినేది కూర కాదు. నేను వండిపెట్టిన ఉప్పుకే పుట్టిన దాహానికి నేను ఇవ్వని అర గ్లాసు నీళ్ళు.

కాగితం మాత్రం ఫ్రిజ్ మీద అలాగే ఉండిపోయింది. తీయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. మొన్న ఒక ఆదివారం నాలుగు బంగాళాదుంపలు తరిగాను. నానబెట్టలేదు. ఉడకబెట్టలేదు. నూనెలో ఎర్రగా వేయించి, ఉప్పు దండిగా చల్లాను. నూనె పీల్చడానికి పేపరు వెతికితే కనిపించలేదు. నిజానికి వెతకలేదు. ఫ్రిజ్ మీది కాగితం పీకి పళ్ళెంలో పరిచాను.

"నాన్నా, అది అమ్మ కాగితం!" అంది అమ్మాయి.

"అందుకే," అన్నాను. గిన్నె సంగతి, చీటీ సంగతి, తన రికార్డు సంగతి అప్పుడు చెప్పాను. అది దగ్గరికి వచ్చి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

"ఇంకొంచెం ఉప్పెయ్," అంది.

వేశాను. నూనె పాకేకొద్దీ అక్షరాలు ఒక్కొక్కటే మసకబారాయి. ఎక్కడైనా 'వద్దు' మిగిలి ఉందేమోనని, ఉద్యోగం అలవాటు కదా, వరస వరసా వేలు పెట్టి చూశాను. ఉన్నచోటల్లా వేడి ముక్కలు పోశాను.