పసుపు కరపత్రంతో చిత్తూరు నుంచి తిరుపతికి

శనివారం ఉదయం ఆరూ నలభైకి చిత్తూరు బస్టాండులో ఉన్నాను. ఎడమ చేతిలో మా మీనా చెయ్యి, కుడి చేతిలో యాభై కరపత్రాలు, వీపున సంచి. సంచిలో ఏడు ఇడ్లీలు. ఆరైతే మీనా తినదు, ఎనిమిదైతే ముట్టదు. మా ఆవిడ వాటిని సర్దిన శ్రద్ధతో శ్రీహరికోటలో రాకెట్టుకు బోల్టులు బిగిస్తారా అన్నది అనుమానమే.

మీనాకు ఎనిమిదేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, చెవులు చురుకు. సంతోషం వస్తే చేతులు రెక్కల్లా కొట్టుకుంటుంది. రెండో తరగతిలో రెండో బెంచీ. గురువారం హెచ్చెమ్ మేడం నన్ను పిలిచి, "మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు సార్. సోమవారానికి డాక్టరు కాగితం తెండి, కలిపి కూర్చోబెట్టొచ్చని. లేకపోతే మా వల్ల కాదు" అన్నారు. కాగితం ఇవ్వగల డాక్టరమ్మ తిరుపతిలో ఉన్నారు. శనివారం పదిన్నర లోపు టోకెను తీసుకున్నవాళ్ళనే చూస్తారు. అదీ ఈ యాత్రకు కారణం.

మరి కరపత్రాలెందుకంటే, పాపతో బస్సెక్కితే చాలు, మా జిల్లాలో ప్రతి మనిషీ వైద్యుడైపోతాడు. చెట్టుకు కాయలున్నా లేకపోయినా మనిషికి మూడు సలహాలు తప్పనిసరి. ఆరేళ్ళుగా అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్పి నా దవడలు అరిగిపోయాయి. అందుకని జవాబులన్నీ అచ్చేయించాను.

"1. మా పాపకు చెవుడు లేదు. మీరు గుసగుసలాడేది కూడా వినిపిస్తుంది. 2. వస కొమ్ము అరగదీసి మూడు నెలలు నాకించాం. ఆ మూడు నెలల్లో మాటలు వచ్చింది మా అత్తగారికే. 3. సెల్‌ఫోను వల్ల కాదు. ఫోను చూసేది నేను. 4. గుండు మూడుసార్లు కొట్టించాం. 5. తల్లి తప్పు కాదు, తండ్రి తప్పు కాదు, పోయిన జన్మ సంగతి మాకు తెలియదు. 6. పాప అరిస్తే మీరేమీ చేయనక్కర్లేదు. కిటికీలోంచి బయటికి చూడండి. బయట బాగుంటుంది."

ఒక్క పొరపాటు జరిగింది. ప్రెస్సులో పెళ్ళి పత్రికలకని తెచ్చిన పసుపు కాగితం మిగిలి ఉంటే దానిమీదే కొట్టేశారు. అలవాటు ప్రకారం పైన "శ్రీరస్తు శుభమస్తు" పెట్టి, అటూ ఇటూ రెండు దీపాల బొమ్మలు కూడా వేశారు.

ఏడింటికి ఎక్స్‌ప్రెస్ కదిలింది. నాకు నూరు రూపాయల పైన, ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి మీనాకు సున్నా టికెట్టు. ఆ సున్నా టికెట్టును తను తిరుపతి దాకా చెంపకు ఆనించుకునే కూర్చుంది. ఇలాంటి పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: డ్రైవరు వెనక మూడో వరస, కిటికీ పక్క. హారన్ మోత కాస్త తక్కువ.

ముందు వరసలో పూల బుట్ట పెట్టుకున్న అవ్వ వెనక్కి తిరిగింది. నోరు తెరవకముందే కరపత్రం ఇచ్చాను. అవ్వ దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుని, భక్తిగా మడిచి కొంగున ముడేసింది. తర్వాత అడిగింది: "పాపకు వస పోసినారా నాయనా?"

పక్క వరసలో ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా పెద్దమనిషికి ఇచ్చాను. ఆయన దీపాలను చూసి చెప్పులు విడిచి మరీ కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఇట్టాంటిదే పోయినేడు వచ్చిండె సార్. నేను పదిమందికి పంచలేదు, నెల తిరక్కముందే మా బర్రె సచ్చిపాయ. ఈసారి తప్పకుండా జెరాక్సు తీపిస్తా."

"చదవండి సార్, చదివితే చాలు!"

"స్నానం చేసి సదువుతాలే అప్పా."

బస్సులో పదహారు కరపత్రాలు పంచాను. పదహారు జతల కళ్ళకు అద్దబడ్డాయి. ఒక్క జతా లోపల ఏముందో చూడలేదు. చిత్తూరు జిల్లా చరిత్రలో ఇంత పూజలందుకుని ఇంత చదవబడని రచయిత ఇంకొకడు పుట్టి ఉండడు.

ఏడూ ఇరవై ఐదుకు ప్రమాదం ముంచుకొచ్చింది. మీనాకు దారిలో ఊళ్ళన్నీ కంఠస్థం: పూతలపట్టు, గాదంకి, పనపాకం, చంద్రగిరి. వరస తప్పకూడదు. మా బస్సేమో పూతలపట్టులో దిగేవాళ్ళు లేరని ఊళ్ళోకి తిరక్కుండా పెద్ద రోడ్డు మీదే దూసుకుపోయింది. మీనా కిటికీలోంచి వెనక్కి చూసింది. ఊరొకటి మాయమైపోయింది! ఆ తర్వాత పెట్టిన కేక పాకాల దాకా వినిపించి ఉంటుంది.

అవ్వ పూలు ఎగిరిపడ్డాయి. తెల్ల చొక్కా లేచి నిలబడ్డాడు. "ఏం సార్, ఇట్టాంటి పిల్లల్ని బస్సులో తెస్తే మిగతావాళ్ళ సంగతేంది? దించేయమనండి ఆ కండక్టర్ని!"

నా నవ్వు కాస్తా ఆగింది. గురువారం విన్న మాటే ఇది. బెంచీకి బదులు బస్సు, అంతే. నేను మీనాను గట్టిగా పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాను. బయట ఏమీ బాగాలేదు.

కండక్టరు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నుదుట తిరునామం, చేతిలో టికెట్టు కొన్నప్పుడు నేనిచ్చిన పసుపు కాగితం. అది తెరిచి ఉంది! టికెట్లు చించే మనిషి, చేతికొచ్చిన కాగితాన్ని చదవకుండా వదలడు కాబోలు. "కూసోప్పా నువ్వు. ఆరో నంబరు సదువుకో, నీ జేబులోనే ఉండాది" అని తెల్ల చొక్కాకు చెప్పి, నా వైపు తిరిగాడు. "పాపకేం గావాల సార్?"

"పూతలపట్టు" అన్నాను.

ఆయన గొంతు సవరించుకుని, ఖాళీ రోడ్డు మీద, అరవై కిలోమీటర్ల వేగంలో, "పూతలపట్టూ... పూతలపట్టు దిగేవాళ్ళు రావాలా!" అని కేకేశాడు. ఊరొచ్చి ఆగినట్టు ఈల ఒకటి ఊదాడు. పెద్దగా ఊపిరి పీల్చి రెండు ఊదాడు, రైట్, ఇక పోనీ అన్నట్టు.

కేక ఆగిపోయింది. మీనా చేతులు రెక్కలయ్యాయి. ఊరు దొరికింది!

అక్కణ్ణుంచి ఆయన ఒక్క ఊరూ వదల్లేదు. పనపాకం వచ్చేసరికి అవ్వ కూడా గొంతు కలిపింది. తెల్ల చొక్కా జేబులోంచి కాగితం తీసి, స్నానం సంగతి మరిచి, చివరిదాకా చదివాడు. చంద్రగిరి దగ్గర "ఆ అత్తగారి సంగతి నిజమేనా సార్?" అని నెమ్మదిగా అడిగాడు.

ఎనిమిదీ నలభైకి తిరుపతి. ఆటోవాడు మమ్మల్ని చూడగానే "కొండకా సార్? పాపకు గుండా?" అన్నాడు. నాలుగో నంబరు చూపించాను. కళ్ళకద్దుకున్నాడు.

తొమ్మిదింబావుకు ఆస్పత్రిలో మా టోకెను ఇరవై మూడు. వరండా నిండా మీనా లాంటి పిల్లలే. ఒకడు ఫ్యాను కింద గిరగిరా తిరుగుతున్నాడు, ఒకమ్మాయి తలుపు మూస్తోంది, తీస్తోంది. "ఈ మధ్య యాడ జూసినా ఇట్టాంటి పిల్లోళ్ళేనప్పా, మా కాలంలో యాడుండిరి?" అన్నాడు వాచ్‌మన్. ఇంట్లో గదిలో ఉండిరి, అన్నాను. పిల్లలు పెరిగారని అందరూ ఆశ్చర్యపోతారు. వాళ్ళకోసం ఒక్క బెంచీ అయినా పెరగలేదంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ వరండాలో ముప్ఫై పైచిలుకు కరపత్రాలు అయిపోయాయి. అక్కడ ఎవరూ కళ్ళకద్దుకోలేదు. చదివి, పకపకా నవ్వి, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

పదకొండూ నలభైకి పిలుపు వచ్చింది. డాక్టరమ్మ మీనాతో అరగంట కొయ్యదిమ్మెలు పేర్చారు. మీనా వాటిని వరసగా పెట్టి ఒక్కొక్కదానికీ పేరు చెప్పింది: పూతలపట్టు, గాదంకి... డాక్టరమ్మ నవ్వి, "కూర్చోవడానికి కాగితమెందుకండీ, ఏ పిల్లనడిగారు కాగితం?" అంటూనే రాసిచ్చారు. చివరి వాక్యం నేను వరండాలో ఏడుసార్లు చదివాను: "మిగతా పిల్లలతో కలిపే చదివించవలెను." ఆరుసార్లయితే నాకూ చాలదు మరి.

ఒంటిగంటకు భోజనం. నాకు హోటల్లో సాంబారన్నం, మీనాకు ఏడు ఇడ్లీలు. రెండున్నరకు తిరుగు బస్సు ఎక్కితే, ద్వారంలో అదే తిరునామం!

"రా తల్లీ, నీకోసరమే ఆపినా" అన్నాడు. ఎవరైనా ఎక్కితే ఆపేదే బస్సు, కానీ నమ్మేశాను. తిరుగు దారిలో వరస తలకిందులు. నేను ఇంకో కేకకు సిద్ధపడ్డాను. మీనా తడుముకోకుండా "చంద్రగిరి" అంది. కండక్టరు ఈల ఊదాడు. ఆ తర్వాత ఊరి పేరు తనది, ఈల ఆయనది. గాదంకిలో నిద్రపోతున్నాయన ఒకడు తన ఊరు విని ఉలిక్కిపడి లేచి దిగిపోయాడు.

నాలుగూ పదికి చిత్తూరు. దిగబోతుంటే కండక్టరు నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "సార్, ఆ పసుపు కాగితం ఇంకొకటి ఇస్తారా? మా బామ్మర్ది కొడుకు. నాలుగేండ్లు నిండినాయి, మాట రాలే. ఇంట్లో వస అరగదీస్తానే ఉండారు. యాడికి పోవాలో ఎవురూ జెప్పలా."

సంచిలో ఒక్కటే మిగిలింది. సోమవారం హెచ్చెమ్ మేడం చేతిలో పెడదామని దాచుకున్నది. డాక్టరమ్మ ఉండే చోటు, టోకెను వేళ దాని వెనకాల రాసి ఆయనకిచ్చేశాను. ఆయన కళ్ళకద్దుకోబోయి ఆగి, ముందు చదివాడు. తర్వాత అద్దుకున్నాడు.

బస్టాండు బయటికి రాగానే ప్రెస్సుకు ఫోను చేశాను. "అన్నా, ఈసారి వెయ్యి కొట్టు. వెనకాల ఆస్పత్రి వివరం వేయాల."

"కాగితం తెల్లది పెట్టేదా సార్? ఆ దీపాలు తీసేసేదా?"

"వద్దు" అన్నాను. "అవి ఉంటేనే ఎవరూ పారేయరు. ఎప్పుడో ఒకప్పుడు స్నానం చేసి చదువుతారు."

పక్కన మీనా నోటితోనే రెండు ఈలలు వేసింది. రైట్. ఇంటికి బయల్దేరాం.